మేం పూడ్చిన గుంట

సేవ అనే మాట వింటే నాకు చిరాకు అని చెబితే ఎదుటివాళ్ళు మొహం అదోలా పెడతారు. పెట్టుకోనీ. ఆ చిరాకు నాకు ఊరికే రాలేదు. నేను సేవ చేసినవాణ్ణి. ఒక దేశంలో కాదు, రెండు దేశాల్లో చేశాను. సర్టిఫికెట్లున్నాయి. ఫోటోలున్నాయి. ఒక ఫోటోలో మెడలో చేమంతి దండ వేసుకుని, పార పట్టుకుని, నేనే ఆ ఊరిని పుట్టించినట్టు నిలబడి ఉన్నాను.

అప్పుడు కర్నూల్లో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అనడం మర్యాద కోసం. పొద్దున గ్రౌండు, సాయంత్రం గ్రౌండు, మధ్యలో క్యాంటీను. కాలేజీ వాలీబాల్ జట్టులో ఆడేవాణ్ణి. క్లాసులో లేకపోయినా మాకు హాజరు పడేది. జట్టు బనీను వేసుకుని బజార్లో నడిస్తే సోడా కొట్టాయన కూడా "ఏమప్పా, ఈతూరి కప్పు మనదేనా?" అని పిలిచి అడిగేవాడు. ఆ ఒక్క పలకరింపుకే ఒళ్ళు పొంగిపోయేది. ఆ వయసులో మాకు అంతకంటే ఏం కావాలి?

అలాంటి మా మీద ఎవరో పెద్దల కన్ను పడింది. ఆటగాళ్ళకి ఒంట్లో బలం ఎక్కువ, క్రమశిక్షణ తక్కువ, పల్లెలకి తోలితే రెండూ సర్దుకుంటాయి అని వాళ్ళకి తోచింది. ఏడాదికోసారి పది రోజులు ఏదో ఒక ఊరికి పోయి బడి గోడలకి సున్నం వేయాలి, రోడ్లు ఊడవాలి, చెట్లు నాటాలి. మేం నాటిన చెట్లకి రెండో రోజు నీళ్ళు పోసినవాడు లేడు. అయినా ఏటా నాటేవాళ్ళం. ఒక ఊళ్ళో అయితే ముందు ఏడాది మేం నాటి చంపిన మొక్కల గుంటల్లోనే మళ్ళీ నాటాం. గుంటలు తవ్వే పని తప్పిందని సంతోషపడ్డాం కూడా.

రెండు వేల ఆరులో అనుకుంటాను, ఈ సేవకి ఒక ఎర తగిలించారు. శిబిరంలో బాగా పనిచేసిన జట్టు నుంచి ఇద్దరిని శ్రీలంక పంపుతారట. అంతకు రెండేళ్ళ ముందు సముద్రం పొంగి అక్కడ ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయాయి. అక్కడి పిల్లలకి ఆటలు నేర్పాలి, ఇళ్ళు కట్టే పనిలో సాయపడాలి. విమానం, పాస్‌పోర్టు, అన్నీ వాళ్ళవే. ఆ కబురు వినేదాకా మా వాళ్ళలో ఒక్కడికీ సేవ మీద మనసు లేదు. విన్న సాయంత్రానికి అందరం త్యాగమూర్తులమైపోయాం.

నా సంగతి ఇంకా చెప్పాలి. మాది బట్టల కొట్టు. మా తాత పెట్టాడు, మా నాయన నడిపాడు. నేత చీరలు మూటలు మూటలుగా మా ఇంట్లోకి వచ్చేవి. చిన్నప్పుడు ఆ మూటల మీదే పడుకుని నిద్రపోయేవాణ్ణి. బొటనవేలితో రాస్తే నూలు ఎట్లాంటిదో చెప్పగలిగేవాణ్ణి. నేసినవాళ్ళు మా మెట్ల మీద కూర్చుని, మా నాయన చీర విప్పి వెలుతురుకి పట్టి చూస్తున్నంతసేపూ ఆయన మొహం వైపే చూసేవాళ్ళు. వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చేది నేనే. ఇంత చేసి, ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఒక్కసారైనా మగ్గం దగ్గర నిలబడి చూసినవాణ్ణి కాదు. చీర ఎక్కడినుంచి వస్తుందిరా అంటే మూటలోంచి అని చెప్పే రకం.

ఆ ఏడు శిబిరం కడప జిల్లాలో ఒక నేతగాళ్ళ ఊళ్ళో పెట్టారు. ఊరి పేరు రాయను. చికున్‌గున్యా సీమనంతా మంచాన పడేసిన ఏడాది అది. మేం బస్సు దిగేసరికి ఊరు గోడలు పట్టుకుని నడుస్తోంది. వయసులో ఉన్నవాళ్ళు కూడా నడుము వంచి, ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తున్నారు. జ్వరం వారంలో పోతుంది గానీ కీళ్ళ నొప్పులు నెలల తరబడి పోవు. చెంబు ఎత్తలేని చేతులు మగ్గం ఎట్లా ఆడిస్తాయి? నేత ఊరంటే టకటకమని చప్పుడు ఉంటుందని మా పీడీ సారు బస్సులో చెప్పాడు. మేం దిగినప్పుడు ఏ చప్పుడూ లేదు. ఆ సంగతి మాలో ఒకడు గమనించి, "ప్రశాంతంగా ఉండాది రా ఊరు," అన్నాడు.

పీడీ సారు అంటే మా ఆటల మేష్టరు. శిబిరానికి ఆయనే పెద్ద. మంచివాడే. కాకపోతే ఏ పనినైనా పోటీ పెట్టకుండా చేయించడం ఆయనకి చేతకాదు, పోటీ లేకపోతే చేయడం మాకూ చేతకాదు. దోమల వల్ల రోగం, నిలవ నీళ్ళ వల్ల దోమలు, గుంటల్లో నిలవ నీళ్ళు. కాబట్టి గుంటలు పూడ్చాలి. బడిలో మేం పడుకునే గదిలో నల్లబల్ల మీద గీత గీశాడు. ఇటు వాలీబాల్, అటు కబడ్డీ. పూడ్చిన ప్రతి గుంటకీ ఒక పాయింటు. ఎక్కువ పూడ్చిన జట్టుదే శ్రీలంక.

ఇంక చూడాలి. దండయాత్ర మొదలైంది. మొదటి మూడు రోజుల్లో నిజమైన మురికి గుంటలు అయిపోయాయి. ఆ తర్వాత గుంట అన్నది కనిపిస్తే వదల్లేదు. ఒక ముసలాయన నిమ్మ మొక్క కోసం తవ్వి పెట్టుకున్న గుంట పూడ్చాం. ఆయన మొక్క చేత్తో పట్టుకుని వచ్చేసరికి నేల చదునుగా ఉంది. పెళ్ళి పందిరికి గుంజల కోసం తీసిన నాలుగు గుంటలు కబడ్డీ వాళ్ళు పూడ్చి నాలుగు పాయింట్లు వేసుకున్నారు. అది అన్యాయమని మేం గొడవపడ్డాం. పెళ్ళివాళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు, నాలుగు గుంటలకి ఒక పాయింటా నాలుగా అన్నదే మా తగాదా. ఊరివాళ్ళు మర్యాదస్తులు. చదువుకునే పిల్లలు, దూరం నుంచి వచ్చారు, ఏమనకూడదు అనుకున్నారు. మేం పక్క వీధికి పోయాక మళ్ళీ తవ్వుకునేవాళ్ళు.

తొమ్మిదో రోజు పొద్దునకి రెండు జట్లూ సమానం. మధ్యాహ్నం ముగింపు సభ. మర్నాడు పొద్దున ఆరింటికి బస్సు. ఇంకొక్క గుంట దొరికినవాడిది గెలుపు. అందరం పారలు భుజాన వేసుకుని వీధులు జల్లెడ పట్టాం. దొరికింది నాకే. గెంతులు వేసి మా వాళ్ళని పిలిచాను.

ఒక చిన్న ఇంటి పక్కన కొట్టం. గోడలున్నాయి, పైన కప్పు లేదు. వానలకి బోదగడ్డి కప్పు కుళ్ళిపోతే తీసేసినట్టున్నారు. మధ్యలో గుంట. మోకాళ్ళ లోతు నీళ్ళు, నీళ్ళలో కదులుతున్న దోమ పురుగులు. ఇంతకంటే ఏం కావాలి? ఇంటికి తాళం వేసి ఉంది. గుంట నాలుగు పక్కలా నున్నగా నాపరాళ్ళు పేర్చి ఉన్నాయి. గుంట చుట్టూ నేలలో గుంజలు పాతిన బొక్కలున్నాయి. చుట్టూ రాళ్ళు పేర్చిన దోమల గుంట ఏ ఊళ్ళో ఉంటుందిరా అని నా బుర్రకి తట్టలేదు. ఒకవైపు అంచు రాయి మధ్యలో పల్లంగా అరిగి, అద్దంలా మెరుస్తోంది. నేను దాని మీద చెయ్యి వేసి రాసి కూడా చూశాను. భలే నున్నగా ఉందే అనుకున్నాను. అనుకుని, గడపారతో పెళ్ళగించి, గుంటలోకి తోశాను. కింద గట్టిగా ఉంటుందని.

ఎదురింటి అరుగు మీద మంచంలో పడుకున్న ఒక అవ్వ తల ఎత్తి, చెయ్యి ఊపుతూ ఏదో అంది. దీవిస్తోంది అనుకున్నాం. ఒకడు చేతులెత్తి దండం కూడా పెట్టాడు. ఆమె ఇంకా ఊపింది, మేం ఇంకా ఊపందుకున్నాం. అంచు రాళ్ళన్నీ లోపల వేశాం. వాటి మీద పక్క సందులో పడి ఉన్న రాళ్ళ ముక్కలు, వాటి మీద ఎర్రమట్టి. మా జట్టుతో పాటు ఇనుప గుండు విసిరే వాడొకడు ఉండేవాడు. వాడు దిమ్మిస ఎత్తి కొడుతుంటే నేల అదిరింది. గంటన్నరలో గుంట ఉన్న జాడ లేకుండా చేశాం. గుంజల బొక్కలు కూడా వదల్లేదు, వాటికి పాయింట్లు రాకపోయినా. పీడీ సారు వచ్చి కాలితో తట్టి చూసి "శభాష్" అన్నాడు. ఆయన వెంట వచ్చిన ఫోటోలాయన మమ్మల్ని ఆ చదును మీదే వరసగా నిలబెట్టాడు.

అప్పుడే వచ్చింది ఆమె. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నెత్తి మీద తెల్ల గుడ్డలో చుట్టిన పెద్ద మూట. మమ్మల్ని చూసి సందు మొదట్లోనే ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గబగబా నడిచింది. కొట్టం లోపలికి వచ్చి, మా కాళ్ళ కింద నేలని చూసింది. మూట దించలేదు.

"నా గుంట యాడప్పా?" అంది.

"పూడ్చేసినాం కదక్కా! దోమలు లేకుండా!" అన్నాను నేను. అంత సంతోషంగా నేను అంతకు ముందు ఎవరితోనూ మాట్లాడి ఉండను.

ఆమె మూట మెల్లగా గోడ మీద పెట్టింది. "అది దోమల గుంట గాదు నాయనా. మగ్గం గుంట. దాంట్లో కాళ్ళు పెట్టుకోని కూచ్చోనే నేసేది. వానకు నీళ్ళు ఊరినాయని మగ్గం ఇప్పి మా తమ్ముని ఇంట్లో పెట్టినా. ఈ పొద్దు నీళ్ళు తోడుకోని, రేపు ఆరబెట్టి, ఎల్లుండి మగ్గం ఎక్కిద్దామనుకుంటి. పడుగు తేను పోయింటి."

ఆమె మా మీద అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. పిల్లలకి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. మొగుడికి రోగం వచ్చి రెండు నెలలైంది, చేతులు ముడుచుకోవడం లేదు, వాళ్ళ అక్క ఇంట్లో ఉండి మందు తాగుతున్నాడు. పడుగు ఇచ్చే షావుకారు, ఆడమనిషివి ఒక్కదానివి ఏం నేస్తావు పో అని మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి ఒప్పుకున్నాడు. పది రోజుల్లో మొదటి చీర చూపించాలి. చూపించకపోతే పడుగు వేరేవాళ్ళకి పోతుంది, మళ్ళీ ఆ గడప తొక్కే పని లేదు. పడుగు అంటే చీరకి నిలువు దారాలు, గంజి పట్టించి, సాపు చేసి, మగ్గం ఎక్కించడానికి తయారుగా ఇస్తారు. ఆ మూటలో ఉన్నది అది. అది పోతే ఇంక మంగంపేట ముగ్గురాయి గనుల్లో తట్టలు మోయడమే, ఆ వీధిలో ఇద్దరు ముగ్గురు అప్పటికే పోయారు.

"మీరు పదిమంది ఉండారు. ఏసినోళ్ళు మీరే, యాడ ఏమేసినారో మీకే తెలుసు. ఇప్పుడే తీసేస్తే పొద్దుగూకేలోపల అయిపోతాది," అంది.

అది నిజం. కచ్చితంగా అయిపోయేది. మాలో ఒక్కడికీ అలసట కూడా లేదు. నేను పీడీ సారు వైపు చూశాను. ఆయన గడియారం వైపు చూశాడు. మూడు గంటలకి ముగింపు సభ, ముఖ్య అతిథి అప్పటికే కడపలో బయల్దేరాడు, పిల్లలందరూ ఉతికిన బనీన్లతో కుర్చీల్లో ఉండాలి. సారు నీళ్ళు నమిలి, "రేపు పొద్దున్నే మా పిల్లలు వచ్చి తీసిపెడతారులేమ్మా," అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వస్తామక్కా. నాదీ పూచీ," అన్నాను.

ఆరింటికి బస్సని నాకు తెలుసు. సారుకీ తెలుసు. ఆ మాట అంత సులువుగా ఎట్లా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. కాదు, అర్థమవుతుంది. నల్లబల్ల మీద అప్పటికింకా ఆ పాయింటు వేయలేదు. గుంట తవ్వేస్తే పాయింటు ఉండదు.

సభలో పాయింటు వేశారు. మేం గెలిచాం. ముఖ్య అతిథి యువశక్తి గురించి గంటసేపు ఊదరగొట్టాడు. శ్రీలంకకి నా పేరు, ఇనుప గుండు వాడి పేరు చదివారు. దండలు పడ్డాయి. నన్ను మాట్లాడమన్నారు. పల్లె ప్రజల కష్టం చూసి నా మనసు కరిగిపోయింది అని చెప్పాను. చప్పట్లు కొట్టారు. జనంలో వెనకగా ఆమె నిలబడి ఉంది. సభ అయ్యాక దగ్గరికి వచ్చి, "పొద్దున యా యాలకి వస్తారప్పా? గడపారలు అడిగి తెచ్చి పెడతా," అంది. ఆరు గంటలకి అన్నాను. నోటికి ఆ అంకె తప్ప ఇంకొకటి రాలేదు.

పొద్దున బస్సు ఆ సందు ముందు నుంచే పోయింది. ఆమె కొట్టం ముందు నిలబడి ఉంది. గోడకి మూడు గడపారలు ఆనించి ఉన్నాయి. బస్సు చప్పుడు విని సందు మొదటికి నాలుగడుగులు వచ్చింది. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. లేసు ఊడలేదు. ఊరు దాటేదాకా వంగే ఉన్నాను. బస్సులో ఎవడో అంత్యాక్షరి మొదలుపెట్టాడు, అందరం పాడాం.

ఇంటికొచ్చాక మా నాయన నా శ్రీలంక ప్రయాణం సంగతి కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఒకరోజు ఆయన చీరలు మడతపెడుతుంటే, ఏదో మాటల్లో అడిగినట్టు, "నాయనా, మగ్గం గుంట పూడిస్తే ఏమైతాది?" అని అడిగాను.

మా నాయన చేతిలో మడత ఆపి నా మొహం చూశాడు. "ఎవరు పూడుస్తార్రా? ఆ ఇంట్లో ఇంగ నేసేటోళ్ళు లేరని ఇంటోళ్ళే తేల్చుకుంటే అప్పుడు పూడ్చుకుంటారు. నాయన పోతే కొడుకు దిగుతాడు, కొడుకు పట్నం పోతే కోడలు దిగుతాది. అంతవరకు ఎంత కష్టమొచ్చినా పూడ్చరు. పూడ్చినారంటే మేము మగ్గం ఇడ్సిపెట్టినాం అని ఊరందరికీ చెప్పుకున్నట్ట. ఇంగ వాళ్ళకి పడుగు ఎవరిస్తారు?"

పాస్‌పోర్టు ఫోటోకి మంచి చొక్కా ఏది వేసుకోవాలని మా అమ్మని అడగడానికి లోపలికి పోయాను. ఆ రోజుకైనా కడప బస్సు ఎక్కి ఉండొచ్చు. షావుకారు ఆమెకి పెట్టిన పది రోజులు ఇంకా నిండలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను కూడా, నిండలేదని.

శ్రీలంక పోయాం. రెండు వారాలు. సముద్రం ఒడ్డున ఒక చేపల ఊరు. మాకు ఇచ్చిన మొదటి పని అక్కడి పిల్లలకి వాలీబాల్ నేర్పడం. వాలీబాల్ ఆ దేశపు జాతీయ ఆట అని మమ్మల్ని పంపినవాళ్ళకీ తెలియదు, పోయిన మాకూ తెలియదు. ఇసుకలో వల కట్టి, ఈల ఊది, బంతి ఎట్లా కొట్టాలో నేను చేతులతో చూపిస్తుంటే ఆ పిల్లలు చాలా మర్యాదగా చూశారు. తర్వాత ఆట పెట్టారు. చెప్పులు లేని పిల్లలు, వాళ్ళలో ఇద్దరు నా భుజం దాకా కూడా రారు, మమ్మల్ని రెండు సెట్లు ఉతికి ఆరేశారు. మూడోది ఆడదామంటే మేమే ఎండ ఎక్కువగా ఉందన్నాం. ఆ సాయంత్రం మా నివేదికలో, స్థానిక బాలబాలికలకు క్రీడా నైపుణ్యాలు నేర్పితిమి అని రాశాం.

రెండో పని గోడలు కట్టడం. ఇళ్ళు పోయినవాళ్ళకి కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. మా చేత రోజుకి నాలుగు వరసలు ఇటుకలు పెట్టించేవాళ్ళు. పెట్టి, చేతులు దులుపుకుని, ఆ గోడ ముందు ఫోటో దిగి వచ్చేవాళ్ళం. మూడో రోజు సాయంత్రం టోపీ మర్చిపోయి వెనక్కి పోతే అక్కడి మేస్త్రీ మేం పెట్టిన నాలుగు వరసలూ విప్పుతున్నాడు. విప్పి, సిమెంటు గీకి, అవే ఇటుకలు మళ్ళీ తిన్నగా పేరుస్తున్నాడు. నన్ను చూసి తప్పు చేసినవాడిలా నవ్వాడు. సిగ్గుపడాల్సింది నేను, పడింది ఆయన. రోజూ మా పని విప్పడానికి ఆయనకి రెండు గంటలు పట్టేదని తర్వాత తెలిసింది. మేం రాకుండా ఉంటే ఆ ఇళ్ళు ముందే లేచేవి. అయినా మిగిలిన పది రోజులూ పోయాం, పెట్టాం, దిగాం, వచ్చాం. ఆ మేస్త్రీ రోజూ మాకు కొబ్బరి నీళ్ళు ఇచ్చాడు. అక్కడ నిలబడితే నాకు ఆ గుంట గుర్తొచ్చింది. మేం చేసింది విప్పడానికి ఆయనకి రెండు చేతులూ బాగున్నాయి, కూలి ఇచ్చేవాళ్ళు వెనక ఉన్నారు. ఆమెకి ఎవరున్నారు?

మరుసటి ఏడు అదే ఊళ్ళో మళ్ళీ శిబిరం పెట్టారు. ఆ ఊరిని కాలేజీ దత్తత తీసుకుందట. ఊరిని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. నా చదువు అప్పటికే అయిపోయింది, అయినా విదేశాల్లో సేవ చేసి వచ్చిన పూర్వ విద్యార్థి అని ముగింపు రోజుకి నన్ను పిలిచారు. కొత్త పిల్లల్లో స్ఫూర్తి నింపాలట. మొదట రానన్నాను. తర్వాత ఆమె ఎట్లా ఉందో చూడాలని పోయాను. చూసి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు.

బడిలో వంట చేసే ఆయన చెప్పాడు. మేం పోయిన రెండో రోజే, ఆమె గుంట పూడ్చుకుంది అనే మాట షావుకారు చెవిన పడింది. ఎవరు పూడ్చారన్నది చెవిన పడలేదు. మూడో రోజు మనిషిని పంపి పడుగు మూట వెనక్కి తీసుకుపోయాడు. కట్టిన ముడి కూడా ఆమె విప్పలేదట. కాలేజీ పిల్లోళ్ళు తెలీక పూడ్చినారు సామీ అని ఆమె పోయి చెప్పుకుంటే ఆయన నవ్వాడట. చదువుకున్న పిల్లలకి మగ్గం గుంట తెలియదా, సాకులు చెప్పొద్దు అన్నాడట. నాకు తెలియదని ఆయనకి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె మొగుడు ముడుచుకోని వేళ్ళతోనే మంగంపేటకి పోయాడు. ఆమె, ఆమె తమ్ముడు కలిసి గుంట తవ్వారు. అంచు రాళ్ళు నాలుగూ పగిలిపోయాయి. నెలల తరువాత ఎవరో తువ్వాళ్ళ నేత ఇస్తే నేస్తోంది. తువ్వాళ్ళు ఎంత నేసినా చీరలకి వచ్చే కూలి చేతికి రాదు.

కొత్త పిల్లలు పది మంది నా వెంట బయల్దేరారు. నేను చెప్పే గొప్పలు వినాలని వాళ్ళకి సరదా. ఆ సందులోకి తిరిగినప్పుడు మగ్గం చప్పుడు వినిపించింది. మా మాటలు దగ్గర పడగానే ఆగిపోయింది.

వాళ్ళని బయటే ఉండమని నేను కొట్టం గుమ్మం దగ్గరికి పోయాను. పైన రేకులు వేశారు. మగ్గం ఉంది. ఆమె గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నేయడం లేదు. పక్కన మూత పెట్టిన అన్నం గిన్నె, మంచినీళ్ళ చెంబు ఉన్నాయి. నన్ను గుర్తుపట్టింది.

"అక్కా," అన్నాను. తర్వాత ఏం అనాలో ఏడాది పాటు అనుకున్న మాటలన్నీ ఉన్నాయి. అవన్నీ వదిలేసి, "నేసుకోక్కా. మేమేం చెయ్యం. చూసి పోదామని వచ్చినా," అన్నాను.

"మీరు పోయినంక నేస్తాలే నాయనా," అంది. కోపంగా అనలేదు. "మీ వాళ్ళు వచ్చిన కాడినుంచి పొద్దున్నే వచ్చి ఈడనే కూచ్చుంటాండా. అన్నం గూడా ఈడనే. ఖాళీగా ఉంటే పూడుస్తారు. మనిషి కూచ్చోనుంటే పూడ్చరు గదా."

నా వెనక కొత్త పిల్లలు ఒకరి భుజం మీంచి ఒకరు లోపలికి తొంగి చూశారు. వాళ్ళ చేతుల్లో పారలున్నాయి. ఆమె వాళ్ళని చూసి, గుంట అంచుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.